వేరుశనగ తెగులు నుంచి జీన్ థెరపీ దాకా: బెంగళూరులో నా వైరాలజీ అనుభవం

జీన్ థెరపీ మీద పనిచేస్తున్నానని చెప్తే అందరూ జన్యువు గురించే అడుగుతారు. నిజానికి జన్యువు ఎప్పుడో దొరికింది. హీమోఫీలియా బి ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టదు, ఫ్యాక్టర్ 9 అనే ప్రోటీన్ లోపం వల్ల. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువును 1982లోనే వేరుచేశారు. దాన్ని ఒక వైరస్‌లో పెట్టి ఒకే ఒక్కసారి ఎక్కించే మందు హెమ్‌జెనిక్స్. దానికి అమెరికాలో అనుమతి వచ్చింది 2022 నవంబరులో. మధ్యలో నలభై ఏళ్లు గడిచాయి. ఆ కాలంలో ఎక్కువ భాగం జన్యువును మోసుకెళ్లే వైరస్‌ను లొంగదీసుకోవడానికే సరిపోయింది. ఏ వైరస్ వాడాలి, దానిలోంచి ఏం తీసేయాలి, కాలేయానికే చేరేలా ఎలా పంపాలి, ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చంపేయకుండా ఎలా చూడాలి, అన్నిటికన్నా ముందు సరిపోయినంత ఎలా తయారుచేయాలి. నేను బెంగళూరులో చేస్తున్న పని ఈ చివరి రెండింటి చుట్టూ తిరుగుతుంది. ఇక్కడిదాకా ఎలా వచ్చానో, రోజూ చేతులతో చేసే పని ఎలా ఉంటుందో రాయమని తిరుపతిలో చదువుకుంటున్న పిల్లలు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లాలో వానమీద ఆధారపడ్డ పల్లె. వేరుశనగ తప్ప వేరే పంట ఆలోచన లేని ఊరు. 2000 ఖరీఫ్‌లో పంట బాగా లేచింది. పూత దశకొచ్చాక కొన ఆకులు మాడటం మొదలైంది, తర్వాత కాండం నల్లబడి మొక్కకు మొక్క చచ్చిపోయింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. అందరూ మొవ్వుకుళ్లు అనుకున్నారు, ఎందుకంటే ఆ తెగులు మాకు ఎప్పటినుంచో తెలుసు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది వేరే వైరస్ అని తేల్చారు: టొబాకో స్ట్రీక్ వైరస్. ఆ ఒక్క సీజన్‌లోనే జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిందని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని తర్వాత పేపర్లలో చదివాను.

నా మనసులో ఉండిపోయింది ఆ అంకెలు కాదు, వైరస్ వచ్చిన దారి. గట్లమీద, బంజరులో మొలిచే వయ్యారిభామ మొక్కలో ఈ వైరస్ ఉంటుంది. ఆ మొక్క పచ్చగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలి, ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. అందుకే చేను చుట్టూ జొన్న వరసలు వేయమన్నారు, పురుగులు అక్కడే ఆగిపోతాయని. వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయమన్నారు. ఇదంతా వ్యవసాయ అధికారి చెప్తుంటే విని నాయన ఒక మాటన్నాడు: "అయితే రోగం మన చేన్లో లేదు పాపా, గట్టు మీద ఉంది." ఒక వైరస్ ఒక చోట ఏమీ చేయకుండా ఊరికే ఉండి, ఇంకోచోట అంత విధ్వంసం చేయడం నాకు అంతుపట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబు కోసమే ఎమ్మెస్సీలో వైరాలజీ తీసుకున్నాను.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. దేశంలో అలాంటివి చాలా తక్కువ. అక్కడ చేరాక తెలిసింది, తిరుపతి చుట్టుపక్కల అవిశె చెట్లలో కనిపెట్టిన ఒక వైరస్ ప్రపంచం మొత్తం చదివే వైరస్ అయిందని. దాని పేరు సెస్బేనియా మొజాయిక్ వైరస్. మనవాళ్లు ఆకుకూరగా వండుకునే అవిశె చెట్టు ఆకుల మీద మచ్చల్లోంచి దాన్ని తీస్తే, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి గార్ల బృందాలు దాని కవచం నిర్మాణాన్ని అణువు అణువుగా తేల్చాయి. ఆ పేపర్లు చదవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట బొమ్మలు మాత్రమే అర్థమయ్యేవి. 180 ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని గుండ్రటి కవచం అవుతాయి. ప్రోటీన్ మొదట్లో 65 అమైనో ఆమ్లాలు కత్తిరిస్తే అదే ప్రోటీన్ 60 ముక్కలతో చిన్న కవచం కట్టుకుంటుంది. ఎవరూ దగ్గరుండి కట్టనక్కర్లేదు, వాటంతటవే కట్టుకుంటాయి.

నెట్ రాసి, ఫెలోషిప్ తెచ్చుకుని, పీహెచ్‌డీకి బెంగళూరు వచ్చాను. మత్తికెరెలో ఒక పీజీలో ఉండేదాన్ని. ఆ ఇంట్లో సగంమంది తెలుగువాళ్లు, మిగతా సగంమందికి తెలుగు అర్థమవుతుంది. బెంగళూరులో తెలుగుకి కరువు లేదు. కోలారు, చిక్కబళ్లాపురం, చింతామణి వైపు నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, వాళ్ల యాస మా అనంతపురం యాసకు బాగా దగ్గర. మా ల్యాబ్ టెక్నీషియన్ అన్న కూడా చింతామణి వాడే. నాకు చేతిపని నేర్పింది ప్రధానంగా ఆయనే.

పీహెచ్‌డీ మొదట్లో నా పని మొక్కల వైరస్ కవచాల మీద. దారి మారింది 2011 డిసెంబరులో. ఆ నెల న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో లండన్, మెంఫిస్ శాస్త్రవేత్తలు హీమోఫీలియా బి ఉన్న ఆరుగురికి ఏఏవీ8 అనే వైరస్ ద్వారా ఫ్యాక్టర్ 9 జన్యువు ఇచ్చి, అందరిలోనూ ఆ ప్రోటీన్ తయారైందని రాశారు. ఆ పేపర్ మా జర్నల్ క్లబ్‌లో ఎవరో చెప్తుంటే నాకు మా చిన్నాయన కొడుకు గుర్తొచ్చాడు. వాడికి హీమోఫీలియా బి. చిన్నప్పటినుంచి కింద పడితే మోకాలు వాచేది. జిల్లా ఆసుపత్రిలో ఫ్యాక్టర్ ఉచితంగానే ఇస్తారు, కానీ మా పల్లె నుంచి బస్సెక్కి అక్కడికి చేరేలోపు కీలులో రక్తం నిండిపోయేది. బడికి పోయిన రోజులకన్నా మంచంమీద ఉన్న రోజులే ఎక్కువ. ఆ పేపర్ ప్రింట్ తీసుకుని సంక్రాంతికి ఊరికి పట్టుకెళ్లి వాడికి చూపించాను. "అక్కా, ఆ సూది నాకెప్పుడు వేస్తారు?" అని అడిగాడు. చిన్నమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఇంకా చానా టైమ్ పడ్తుందిరా" అన్నాను. బెంగళూరు తిరిగొచ్చాక గైడ్‌తో మాట్లాడి, నా పని ఏఏవీ వైపు మార్చుకున్నాను.

ఏఏవీ అంటే అడినో అసోసియేటెడ్ వైరస్. 1965లో అడినోవైరస్ నమూనాల్లో కలిసిపోయి ఉన్న చిన్న చిన్న కణాలుగా కనిపించింది. 25 నానోమీటర్ల సైజు, 60 ప్రోటీన్ ముక్కల కవచం. ఒంటరిగా ఉంటే సరిగ్గా పెరగలేదు, అడినోవైరస్ లాంటి వైరస్ తోడుంటేనే పెరుగుతుంది. మనలో చాలామందికి చిన్నప్పుడే సోకుతుంది, ఏ జబ్బూ చేసినట్టు ఇప్పటిదాకా తెలియదు. గట్టుమీది వయ్యారిభామలో ఊరికే ఉండే వైరస్ గురించి అడిగిన ప్రశ్న నన్ను ఇలాంటి వైరస్ దగ్గరికే తెచ్చింది.

దీనితో ఉన్న పెద్ద ఇబ్బంది చోటు. దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, పొడవు 4,700 అక్షరాలు. లోపలున్న రెండు జన్యువులూ తీసేసి, చివర్లలో ఉండే 145 అక్షరాల ముక్కలు మాత్రం ఉంచి, మధ్యలో మనకు కావలసింది పెడతాం. చిన్న టిఫిన్ క్యారియర్‌లో పెళ్లి భోజనం సర్దడం లాంటి పని ఇది. ఫ్యాక్టర్ 9కి కావలసింది సుమారు 1,400 అక్షరాలే కాబట్టి హాయిగా పడుతుంది. హీమోఫీలియా ఎ వాళ్లకు కావలసిన ఫ్యాక్టర్ 8 ఏడువేలు. మధ్యలో అవసరం లేని భాగం తీసేసినా 4,400 దాకా వస్తుంది, ఇక స్విచ్‌లా పనిచేసే ప్రమోటర్‌కి చోటే మిగలదు. ఫ్యాక్టర్ 9లో ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. ఇటలీలోని పాదువాలో ఒక కుటుంబంలో రక్తం మరీ ఎక్కువగా గడ్డకట్టేది. 2009లో దాని కారణం బయటపడింది: ఫ్యాక్టర్ 9లో 338వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, దానివల్ల ఆ ప్రోటీన్ మామూలు కన్నా ఎనిమిది రెట్లు చురుగ్గా పనిచేస్తుంది. ఒక కుటుంబానికి జబ్బు తెచ్చిన మార్పే ఇప్పుడు హెమ్‌జెనిక్స్‌లో మందుగా ఉంది. వైరస్ తక్కువ ఇచ్చినా ఫలితం ఎక్కువ వస్తుంది.

ఇక తయారీ. ఇందులో మూడు ప్లాస్మిడ్‌లు, అంటే బ్యాక్టీరియాలో పెంచుకునే గుండ్రటి డీఎన్ఏ ముక్కలు, కావాలి. ఒకదాంట్లో మన జన్యువు, ఒకదాంట్లో కవచం కట్టే జన్యువులు, ఇంకోదాంట్లో అడినోవైరస్ తోడిచ్చే జన్యువులు. మూడింటినీ కలిపి, ల్యాబుల్లో పెంచే హెక్ 293 అనే మనిషి కణాల్లోకి పంపుతాం. ఈ కణాలను 1973లో నెదర్లాండ్స్‌లో ఫ్రాంక్ గ్రాహమ్ తయారుచేశాడు, 293 అనేది ఆయన ప్రయోగం నంబరు. ఈ కణాలు ప్లేటుకి గట్టిగా అతుక్కోవు. మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, మార్చేటప్పుడు పైపెట్ గోడకి ఆనించి నెమ్మదిగా వదలాలి, కొంచెం జోరుగా పోస్తే దుప్పటి చుట్టుకున్నట్టు మొత్తం పొర లేచి వచ్చేస్తుంది. మూడు రోజులకు గులాబీ రంగు మీడియం నారింజ పసుపుకి తిరుగుతుంది. అప్పుడు కణాలు గీకి, గడ్డకట్టించి కరిగించి పగలగొట్టి, విడి డీఎన్ఏను ఎంజైమ్‌తో తినిపించి, మిగిలిన బురదలోంచి వైరస్‌ను వేరుచేయాలి.

వేరుచేసే ఆ పనే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒక గాజులాంటి సన్నటి ప్లాస్టిక్ ట్యూబులో ముందు కణాల ద్రవం పోసి, దాని అడుగుకి పొడుగాటి సూది దింపి అయోడిక్సనాల్ అనే బరువైన ద్రావణాన్ని పొరలు పొరలుగా వదలాలి: 15 శాతం, దాని కింద 25, దాని కింద 40, అన్నిటికన్నా అడుగున 60. 25కి, 60కి ఫీనాల్ రెడ్ అనే రంగు కలుపుతాం, అందుకని పొరలు రంగుల్లో కనిపిస్తాయి, 40 శాతం పొర మాత్రం తేటగా ఉంటుంది. పొరల మధ్య గీత కత్తితో కోసినంత సూటిగా ఉండాలి. ఒక్క గాలిబుడగ వచ్చినా పొరలన్నీ కలగలిసిపోతాయి. టెక్నీషియన్ అన్న పక్కన నిలబడి అనేవాడు: "నిదానంగా మ్మా, సూది బయటికి తీసేటప్పుడు ఊపిరి కూడా మెల్లగా పీల్చు." ట్యూబులు సీలు చేసి, మిల్లీగ్రాముల లెక్కన బరువు సరిచూసి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి దాదాపు 70 వేల చుట్లు తిప్పుతాం. ఆగాక ట్యూబు పక్కనుంచి, 60కి 40కి మధ్య గీత కిందుగా, సూది గుచ్చి ఆ తేట పొరను మాత్రం లాగుతాం. వైరస్ అందులోనే ఉంటుంది. పైనున్న 25 శాతం పొర అంచుదాకా పోకూడదు, అక్కడ జన్యువు లేని ఉత్త కవచాలు, చెత్త ప్రోటీన్లు పేరుకుని ఉంటాయి. అంత కష్టపడి తీసిన వైరస్ చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది.

అది నిజంగా ఉందో లేదో, ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసే జెల్ మీద చూడాలి. కవచంలోని ప్రోటీన్లు వీపీ1, వీపీ2, వీపీ3 మూడు గీతలుగా రావాలి, మొదటి రెండూ సన్నగా, మూడోది లావుగా, ఇంచుమించు ఒకటికి ఒకటికి పది నిష్పత్తిలో. మొదటిసారి ఆ మూడు గీతలు కనిపించినప్పుడు ల్యాబులో అందరికీ చూపించుకుంటూ తిరిగాను.

గీతలు వచ్చినా, లోపల జన్యువు ఉన్న కణాల లెక్క మాత్రం చాలా కాలం అతి తక్కువగా వచ్చేది. కణాలు మార్చాను, మీడియం మార్చాను, ప్లాస్మిడ్‌ల పాళ్లు మార్చాను. టెన్షన్‌తో నిద్ర ఉండేది కాదు. అసలు కారణం ఆ 145 అక్షరాల చివరల్లో ఉంది. అవి వాటిమీద అవే మడతపడే నిర్మాణాలు, బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ పెంచేటప్పుడు అది వాటిని కత్తిరించి పారేస్తుంది. ఇంకో ల్యాబు నుంచి మాకొచ్చిన ప్లాస్మిడ్‌లోనే ఒక చివర సగం పోయి ఉంది. స్మా1 అనే ఎంజైమ్‌తో కోసి జెల్ మీద చూస్తే, రావలసిన చోట ఒక ముక్క లేదు. అప్పటినుంచి ప్రత్యేకమైన బ్యాక్టీరియా రకంలో, 37 బదులు 30 డిగ్రీల దగ్గర పెంచుతాం, ప్రతి ప్రెప్‌నీ స్మా1తో కోసి చూశాకే ఫ్రీజర్‌లో పెడతాం. ఈ రంగంలోకి వచ్చే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఆ ఒక్క జెల్ నెలల పనిని కాపాడుతుంది.

తర్వాత ఫ్యాక్టర్ 9 జన్యువు లేని చిట్టెలుకల్లో ప్రయోగం. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, తోక సిరలోకి వైరస్ ఇచ్చాం. కొన్ని వారాల తర్వాత కొద్దిగా రక్తం తీసి, ప్లాస్మాలో కాల్షియం కలిపి, ఎంతసేపటికి గడ్డ కడుతుందో చూడాలి. వైరస్ ఇవ్వని ఎలుకల ప్లాస్మా మెషీన్‌లో అలా నీళ్లలా తిరుగుతూనే ఉంది. ఇచ్చిన వాటిది గడ్డ కట్టింది. ఎలుకకి పనిచేసినంత మాత్రాన మనిషికి పనిచేస్తుందని కాదు, ఆ తేడా ఎంతో ఈ రంగం చాలా నష్టపోయి నేర్చుకుంది. అయినా ఆ రోజు చిన్నమ్మకి ఫోన్ చేసి, "ఎలుకల్లో వచ్చింది చిన్నమ్మా" అని చెప్పాను.

పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు అమెరికాలో పోస్ట్‌డాక్. అక్కడి పని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఇక్కడ చేసిందే ఇంకొంచెం మంచి పరికరాలతో చేశాను. అక్కడ నేర్చుకున్న ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ప్రతి కొత్తవాళ్లకీ ముందు జెస్సీ గెల్సింగర్ గురించి చెప్తారు. 18 ఏళ్ల అబ్బాయి. కాలేయానికి సంబంధించిన జన్యులోపం ఉన్నా మందులతో, ఆహార నియమాలతో నెట్టుకొస్తున్నవాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ట్రయల్‌కి తానుగా ముందుకొచ్చాడు. అతనికి ఇచ్చింది అడినోవైరస్. ఒళ్లంతా రక్షణ వ్యవస్థ తిరగబడి, 1999 సెప్టెంబరు 17న చనిపోయాడు. ఆ తర్వాత పారిస్‌లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు రెట్రోవైరస్‌తో ఇచ్చిన జన్యువు పనిచేసింది, పిల్లలు కోలుకున్నారు, కానీ 2002 నుంచి వాళ్లలో కొందరికి లుకేమియా వచ్చింది, వైరస్ వెళ్లి ఒక క్యాన్సర్ జన్యువు పక్కన కూర్చోవడం వల్ల. ఏఏవీ వీటికన్నా సురక్షితం అనుకున్నాం, నిజమే, కానీ 2025లో డ్యూషేన్ కండరాల జబ్బుకి ఏఏవీ మందు తీసుకున్న ఇద్దరు అబ్బాయిలు కాలేయం పాడై చనిపోయారు. డోసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుకే తక్కువ వైరస్‌తో ఎక్కువ ఫలితం తెచ్చే ఏ చిన్న మెరుగుదలనైనా నేను పెద్ద విషయంగానే చూస్తాను.

తిరిగి బెంగళూరు వచ్చి సొంత ల్యాబు పెట్టుకున్న కొద్దికాలానికే కోవిడ్ వచ్చింది. ల్యాబులు మూతపడ్డాయి, మాలో చాలామందిమి ఆర్‌టీ పీసీఆర్ పరీక్షలు చేయడానికి వెళ్లాం. కోవిషీల్డ్ వచ్చినప్పుడు ఊళ్లో అందరికీ ఫోన్‌లో చెప్పాను, ఇది కూడా మేం చేసే పనిలాంటిదే అని. చింపాంజీ అడినోవైరస్‌లోంచి పెరిగే శక్తి తీసేసి, కరోనా స్పైక్ జన్యువు పెట్టి ఇచ్చారు. టీకాకి, జీన్ థెరపీకి తేడా ఏమిటంటే టీకాలో రక్షణ వ్యవస్థ మేలుకోవాలి, మాకు అది నిద్రపోతూ ఉండాలి.

సొంత ల్యాబు అంటే సగం రోజు కాగితాలే. జన్యుమార్పిడి వైరస్‌తో పనికి ముందు సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, ఆపైన బయోటెక్నాలజీ శాఖ కింద ఉండే ఆర్‌సీజీఎం అనే కమిటీ. మనుషుల రక్తం వాడాలంటే ఎథిక్స్ కమిటీ. జీన్ థెరపీ మందుల అభివృద్ధికి ఐసీఎంఆర్ 2019లో జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది, అవి వచ్చాక ఏ దశలో ఏం చూపించాలో స్పష్టత వచ్చింది. ఈ కాగితాల మీద నాకు విసుగు లేదు, గెల్సింగర్ కథ తెలిసినవాళ్లెవరికీ ఉండకూడదు. నన్ను బాధపెట్టింది వేరే. మంజూరైన ఒక ప్రాజెక్టు డబ్బు చేతికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆలోపు నేను తయారుచేసుకున్న విద్యార్థి జీతం లేక ఐటీ ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు. సెల్ కల్చర్‌లో అంత నేర్పున్న చేతులు నేను మళ్లీ చూడలేదు.

మా ల్యాబు ఎక్కువ కాలం పెట్టింది యాంటీబాడీల మీద. ఏఏవీ చాలామందికి చిన్నప్పుడే సోకుతుందని చెప్పాను కదా. అలా సోకినవాళ్ల రక్తంలో దానికి యాంటీబాడీలు ఉంటాయి, మందుగా ఇచ్చిన వైరస్‌ను అవి కాలేయం చేరకముందే పట్టేస్తాయి. కోట్ల రూపాయల మందు వృథా. పైగా ఒకసారి ఇచ్చాక యాంటీబాడీలు విపరీతంగా పెరుగుతాయి కాబట్టి అదే వైరస్‌తో రెండో అవకాశం ఉండదు. పరీక్ష ఇలా చేస్తాం: సీరమ్‌ను పలచన చేసుకుంటూ పోయి, వెలుగిచ్చే లూసిఫెరేజ్ జన్యువు పెట్టిన ఏఏవీతో కలిపి, ప్లేటు గుంతల్లో పెంచిన కణాల మీద వేస్తాం. యాంటీబాడీలు లేకపోతే కణాలు వెలుగుతాయి, ఉంటే చీకటి. మనవాళ్ల నమూనాల్లో చీకటిగా ఉండిపోయిన గుంతలు నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ఏఏవీ రకాన్నిబట్టి ఇది మారుతుంది. హెమ్‌జెనిక్స్ ట్రయల్‌లో ఏఏవీ5 యాంటీబాడీలు ఉన్నవాళ్లనీ చేర్చుకున్నారు, దాదాపు అందరిలో పనిచేసింది, యాంటీబాడీలు అతి ఎక్కువగా ఉన్న ఒకరిలో పనిచేయలేదు. కాబట్టి ఉందా లేదా అనడం చాలదు, ఎంత ఉంది అని కొలవాలి, అదీ మన జనాభాలో కొలవాలి. మా తమ్ముడు కూడా రక్తం ఇచ్చాడు. నమూనాలన్నిటికీ కోడ్ నంబర్లే ఉంటాయి. వాడిది ఏ గుంతో నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

యాంటీబాడీల సమస్యను పక్కకు తప్పుకునే ఇంకో దారి వెల్లూరులో చూశాం. అక్కడి సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) అలోక్ శ్రీవాస్తవ గారి బృందం రోగి మూలకణాలను బయటికి తీసి, లెంటీవైరస్‌తో ఫ్యాక్టర్ 8 జన్యువు చేర్చి, తిరిగి ఎక్కించింది. వైరస్ పని అంతా శరీరం బయటే జరుగుతుంది. లెంటీవైరస్‌లో చోటు ఎక్కువ కాబట్టి ఫ్యాక్టర్ 8 కూడా పడుతుంది. ఐదుగురి ఫలితాలు 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చాయి. చికిత్స తర్వాత, గమనించినంత కాలం, వాళ్లలో రక్తస్రావాలు ఆగిపోయాయి. ముందు కీమోథెరపీ ఇవ్వాల్సి రావడం దీనిలో కష్టమైన భాగం. ఈ లెంటీవైరస్ మూలం హెచ్ఐవీయే. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల మన దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు పట్టుకున్నారు. ఆ నమూనాలను పరీక్షించింది వెల్లూరు సీఎంసీలోనే. అదే వైరస్ నుంచి జబ్బు చేసే భాగాలన్నీ తీసేసిన వెక్టర్ ఇవాళ అదే ఆసుపత్రిలో రక్తం గడ్డకట్టించే జన్యువును మోస్తోంది.

ఇక డబ్బు సంగతి. వెన్నెముక కండరాల జబ్బుకి 16 కోట్ల ఇంజెక్షన్ అని పసిపిల్లల ఫోటోలతో చందాలు అడగడం మనందరం చూశాం. అది జోల్‌జెన్స్మా, ఏఏవీ9. హెమ్‌జెనిక్స్ అమెరికా ధర 35 లక్షల డాలర్లు, మన లెక్కలో సుమారు 30 కోట్లు. ఎందుకింత అంటే చాలా కారణాలున్నాయి, కంపెనీల లాభాలూ ఉన్నాయి. నేను మాట్లాడగలిగింది తయారీ గురించి. హెమ్‌జెనిక్స్ డోసు కిలో బరువుకి 20 లక్షల కోట్ల వైరస్ కణాలు. 60 కిలోల మనిషికి 1,200 లక్షల కోట్లు. నేను చేసే పెద్ద ప్లేటు ఒకదాంట్లోంచి, అన్నీ సవ్యంగా జరిగితే, శుద్ధి అయ్యాక ఒక లక్ష కోట్లు వస్తే గొప్ప. అంటే ఒక్క మనిషికి వేయికి పైగా ప్లేట్లు. పైన చెప్పిన పొరల ట్యూబులతో ఇది అయ్యే పని కాదు.

అందుకే ఇప్పుడు మేం ప్లేట్లు వదిలేసి, ద్రవంలో తేలుతూ పెరిగే 293 కణాలను బయోరియాక్టర్‌లో పెంచుతున్నాం, ట్యూబుల బదులు కవచాన్ని పట్టుకునే కాలమ్‌లు వాడుతున్నాం. ఆ కాలమ్ నిండు కవచాన్నీ, ఉత్త కవచాన్నీ ఒకేలా పట్టుకుంటుంది. రెండింటినీ విడదీయడమే ప్రస్తుతం మా తలనొప్పి. ఉత్త కవచం మందు పని చేయదు, రక్షణ వ్యవస్థను మాత్రం రెచ్చగొడుతుంది. వాటి విద్యుదావేశంలో చాలా చిన్న తేడా ఉంటుంది, ఉప్పు గాఢతను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ముందు ఉత్తవి, తర్వాత నిండువి దిగుతాయి. రోగి సొంత రక్షణ కణాలకు కొత్త జన్యువు పెట్టి క్యాన్సర్‌కి వాడే కార్-టీ చికిత్సలో ఐఐటీ బాంబేలో పుట్టిన నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది, దాని ధర అమెరికా ధరలో చిన్న భాగమే. దానికి కావలసిన లెంటీవైరస్‌ను ఇక్కడే తయారుచేసుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఏఏవీలోనూ అది జరగాలన్నదే నా పట్టుదల. మందు అక్కడినుంచి తెప్పించుకుంటే 30 కోట్లు తగ్గి 25 కావచ్చేమో గానీ, మా ఊరికి రాదు.

తమ్ముడికి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. ఒక మోకాలు పూర్తిగా బిగుసుకుపోయింది, జన్యువు వచ్చినా ఆ కీలు తిరిగి రాదు. ధర్మవరంలో మొబైల్ షాపు నడుపుతున్నాడు. "నాకు కాకపోయినా పర్వాలేదక్కా, పనైతే ఆపొద్దు" అంటాడు. నాకు మాత్రం వాడికే కావాలి.

ఈ దారిలోకి రావాలనుకునే పిల్లలకు ఇంకో రెండు మాటలు. సెల్ కల్చర్, క్లోనింగ్ ఎక్కడ దొరికితే అక్కడ నేర్చుకోండి, సర్టిఫికెట్ కోర్సు కన్నా ఆరునెలలు ఒక మంచి టెక్నీషియన్ పక్కన నిలబడటం మేలు. లెక్కలకు భయపడకండి, వైరస్ జన్యువుల లెక్క తేల్చే క్యూపీసీఆర్ స్టాండర్డ్ కర్వ్ సొంతంగా గీసుకోగలిగితే చాలు మొదలుపెట్టడానికి. మొక్కల వైరస్‌ల మీద పనిచేస్తున్నవాళ్లు మాకు పనికిరామేమో అని ఈమెయిళ్లలో అడుగుతుంటారు. కవచం ఎలా కట్టుకుంటుందో అవిశె వైరస్ మీద నేర్చుకున్నదే నేను ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. వచ్చే సీజన్‌కి మా ల్యాబులో ఒక జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ఖాళీ ఉంటుంది. నిండు కవచాలు, ఉత్త కవచాలు వేరుచేసే పనిమీదే.